చేత్తో చేసే ఫ్లింట్‌లాక్ రైఫిల్: ఈ విద్య పోకుండా ఎలా నిలిచింది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పెన్సిల్వేనియాలో ఒక ప్రదర్శనలో చేత్తో చేసిన ఫ్లింట్‌లాక్ రైఫిల్, అంటే చెకుముకి రాయి నిప్పురవ్వలతో పేలే పాతకాలపు తుపాకి, చూశారు, దాని ధర వేల డాలర్లలో ఉంది. కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషిన్ మీద ఇంతకన్నా కచ్చితంగా చెయ్యొచ్చు కదా? 200 ఏళ్ల కిందటి తుపాకిని ఇప్పుడు చేత్తో చెయ్యడం ఒక విద్యను నిలబెట్టడమా, పాతకాలం మీద మోజా? మధ్యలో పోయిన విద్య మళ్లీ ఎలా వచ్చింది? నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను టూల్ రూమ్‌లో ఫిట్టర్‌గా మొదలై, అమెరికా వచ్చాక డై మేకర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని. ఈ రైఫిళ్ల పని ఇక్కడే ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను, ఇప్పటికీ చేస్తున్నాను. మెషిన్ వల్ల ఏమవుతుందో, చేతి వల్ల ఏమవుతుందో రెండూ చూశాను కాబట్టి గట్టిగానే చెబుతాను: ఇది మోజు కాదు. ఎదుట ఉన్న ఇనుమునూ కర్రనూ చూసి, తర్వాతి దెబ్బ ఎక్కడ వెయ్యాలో అప్పటికప్పుడు తేల్చుకునే నేర్పు ఇందులో నిలిచింది. అది నిలవడానికి పెద్ద కారణం, ఈ తుపాకులను నిజంగా పేల్చేవాళ్లు, వీటితో వేటకు వెళ్లేవాళ్లు ఎప్పుడూ కొందరైనా ఉండటం.

ముందు ఈ రైఫిల్ ఎక్కడిదో చెప్పాలి. 18వ శతాబ్దంలో జర్మనీ, స్విట్జర్లాండ్ ప్రాంతాల నుంచి పెన్సిల్వేనియాకు వలస వచ్చినవాళ్లలో తుపాకి పనివాళ్లూ ఉన్నారు. వాళ్లకు తెలిసింది యేగర్ రైఫిల్. పొట్టి బ్యారెల్, పెద్ద గుండు. ఇక్కడి అవసరం వేరు. సీసం, మందు ఖరీదైనవి, వేటకు వెళ్లినవాడు చాలా రోజులు అడవిలోనే ఉండాలి, మోసుకెళ్లిందే వాడుకోవాలి. అందుకని గుండు చిన్నదైంది, బ్యారెల్ 40 అంగుళాలు దాటింది, తుపాకి మొత్తం సన్నబడింది. మడమకు, అంటే భుజానికి ఆనించి పట్టుకునే చెక్క భాగానికి, అడ్డచారలు తేలే మేపుల్ కర్ర వాడటం మొదలైంది. లాంకాస్టర్, రీడింగ్, బెత్లెహేమ్ చుట్టుపక్కల ఒక్కో చోట ఒక్కో తీరు ఏర్పడింది. మడమ అడుగు వంపు, ఇత్తడి ప్యాచ్ బాక్స్ (మడమలో చిన్న సామాను పెట్టుకునే అర) మూత మీది నగిషీ చూసి ఇది ఏ ప్రాంతపు పనో అలవాటైన కన్ను చెప్పేస్తుంది. లాంకాస్టర్ పనివాళ్లలో జేకబ్ డికర్ట్ పేరు దూరదూరాలకు వెళ్లింది. కెంటకీ వైపు వెళ్లిన వేటగాళ్ల వల్ల జనం నోట 'కెంటకీ రైఫిల్' అన్న పేరు పడింది కానీ ఆ తీరు పుట్టి పెరిగింది ముఖ్యంగా పెన్సిల్వేనియాలోనే.

తాళం, అంటే లాక్, ఎలా పనిచేస్తుందో తెలిస్తే మీ సీఎన్‌సీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ట్రిగ్గర్ నొక్కితే చెకుముకి రాయి పట్టుకున్న కాక్ ముందుకు దూకుతుంది. రాయి ఎదురుగా నిలబడ్డ ఉక్కు పలకను గీరుకుంటూ కిందికి జారుతుంది. ఆ పలక పేరు ఫ్రిజెన్. రాయి ఉక్కును సన్నటి తునకలుగా గీస్తుంది, గాలి తగిలి ఆ తునకలే మండుతాయి. నిప్పురవ్వ రాయిది అనుకుంటారు చాలామంది, మండేది ఉక్కు. అదే క్షణంలో ఫ్రిజెన్ ముందుకు తిరగబడి కింద పళ్లెంలోని మందును బయటపెట్టాలి. రవ్వలు సరిగ్గా అందులో పడాలి. పళ్లెంలో లేచిన మంట బ్యారెల్ పక్కనున్న చిన్న రంధ్రం గుండా లోపలి మందును అంటుకోవాలి. ఇదంతా రెప్పపాటులో జరగాలి.

ఇందులో మూడు స్ప్రింగులుంటాయి. కాక్‌ను విసిరేది పెద్దది, ఫ్రిజెన్‌ను అణచిపట్టేది ఒకటి, ట్రిగ్గర్ తాకే సియర్‌ను (కాక్‌ను ఆపి ఉంచే మీట) నొక్కి ఉంచేది చిన్నది. పెద్ద స్ప్రింగు మరీ బలంగా ఉంటే రాళ్లు నాలుగు దెబ్బలకే నుజ్జవుతాయి. ఫ్రిజెన్ స్ప్రింగు బలం ఎక్కువైతే పలక తిరగబడదు, తక్కువైతే రాయి గీరకముందే తప్పుకుంటుంది. ఫ్రిజెన్ ముఖం గాజులా గట్టిపడితే రవ్వలు రావు, మెత్తగా ఉంటే రాయి దాన్ని చాళ్లు చాళ్లుగా దున్నేస్తుంది. డ్రాయింగ్‌లో అన్ని కొలతలూ ఇచ్చినా చివరి సర్దుబాటు చీకట్లో రవ్వలు చూస్తూ, ఆకురాయితో ఒక్కో పాయ తీస్తూ చేసుకోవాల్సిందే. నేను టూల్ రూమ్‌లో ఇంతకన్నా పదింతలు సూక్ష్మమైన కొలతలతో పనిచేశాను. అయినా లాక్ పని నాకు కొత్తగా నేర్పిన విషయాలు చాలా ఉన్నాయి, ఎందుకంటే అక్కడ కొలత ఒక్కటే సరిపోదు.

ఇక ఈ విద్య ఎలా తగ్గిపోయింది? చేతిపనిని పక్కకు నెట్టిన యంత్రాలు తుపాకి పనిలోంచే పుట్టాయి. మస్సాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో థామస్ బ్లాంచర్డ్ కనిపెట్టిన లేత్ వంకర టింకర మడమలను ఒక నమూనా చూసి చెక్కేసేది. దాని పేటెంట్ 1819 నాటిది. హార్పర్స్ ఫెర్రీలో జాన్ హాల్ 1820లలో ఒక తుపాకి భాగం ఇంకో తుపాకికి సరిపోయేలా రైఫిళ్లు చేయించాడు. నేను జీవితమంతా చేసిన జిగ్గులు, గేజ్‌ల పని, అంటే ప్రతి భాగం ఒకే కొలతకు వచ్చేలా చూసే పరికరాల పని, రూపు దిద్దుకుంది అలాంటి చోట్లే. ఆ తర్వాత పర్కషన్ క్యాప్, అంటే దెబ్బ తగిలితే పేలే చిన్న లోహపు టోపీ, వచ్చి చెకుముకి రాయిని తీసేసింది. అమెరికా అంతర్యుద్ధం తర్వాత తూటాల తుపాకులు వచ్చాక, ముందు నుంచి మందు కూరే రైఫిల్ చేసేవాడికి ఊళ్లో పని లేకుండా పోయింది.

అయితే పూర్తిగా పోలేదు. అపలాచియన్ కొండల్లో పేదరికం, దూరం రెండూ పాత తుపాకిని చాలాకాలం నిలబెట్టాయి. టెనసీలో హ్యాకర్ మార్టిన్ లాంటివాళ్లు 20వ శతాబ్దంలో కూడా పాత పనిముట్లతో రైఫిళ్లు చేశారు. 1930లలో ఒహాయో, ఇండియానా ప్రాంతాల్లో పాత రైఫిళ్లతో గురి పోటీలు పెట్టుకునేవాళ్లు ఒకచోట చేరి 1933లో నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ పెట్టారు. మజిల్ లోడింగ్ అంటే మూతి నుంచి మందు కూరడం. ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో వాళ్ల పోటీలు ఇప్పటికీ జరుగుతాయి. నా లెక్కలో ఈ విద్య నిలబడటానికి అసలు పునాది ఇదే. పోటీకి వచ్చేవాడికి విరిగిన స్ప్రింగు బాగుచెయ్యాలి, అరిగిపోయిన బ్యారెల్‌లో మళ్లీ గాళ్లు (లోపలి మెలికల గాట్లు) తియ్యాలి. ఆ చిన్న చిన్న పనుల వల్ల కొందరి చేతుల్లో నేర్పు మిగిలింది. 1954లో టెనసీలోని యూనియన్ సిటీలో టర్నర్ కర్క్‌లాండ్ డిక్సీ గన్ వర్క్స్ మొదలుపెట్టి పాత తుపాకుల విడిభాగాలు పోస్టులో పంపడం మొదలుపెట్టాక, మారుమూల ఉన్నవాళ్లకూ సామాను అందింది.

కానీ అప్పటికీ ఒక పెద్ద లోటు ఉంది. మరమ్మతు చెయ్యగలిగినవాళ్లు ఉన్నారు, పాత బ్యారెల్‌కు కొత్త కర్ర వెయ్యగలిగినవాళ్లు ఉన్నారు. ఇనుప కడ్డీ నుంచి మొదలుపెట్టి మొత్తం రైఫిల్‌ను 18వ శతాబ్దపు పద్ధతిలో చెయ్యడం ఎవరూ చూపించడం లేదు. అది వర్జీనియాలోని కొలోనియల్ విలియమ్స్‌బర్గ్‌లో, అంటే 18వ శతాబ్దపు ఊరిని అప్పటిలాగే చూపించే మ్యూజియంలో, జరిగింది. 1960లలో వాలెస్ గస్లర్ అనే యువకుడు అక్కడి తుపాకి దుకాణం చూసుకుంటూ, బ్యారెల్, లాక్, ఇత్తడి పోతలు, చెక్కడం, నగిషీ అన్నీ పాత పనిముట్లతోనే చేశాడు. ఆ పనిని మొదటి నుంచి చివరిదాకా చూపిస్తూ 1969లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. పేరు 'గన్‌స్మిత్ ఆఫ్ విలియమ్స్‌బర్గ్'. నా తరం పనివాళ్లలో అది చూడనివాళ్లు ఉండరు. మీరు కూడా ముందు అది చూడండి.

అందులో బ్యారెల్ పని చూసినప్పుడు ఒక విషయం గమనించండి. వెడల్పాటి ఇనుప పట్టీని కొలిమిలో కాల్చి, ఒక కడ్డీ చుట్టూ వంచి, అంచులు కలిపి కొంచెం కొంచెంగా అతుకుతారు. అతుకు పట్టే వేడి చాలా ఇరుకైనది. తక్కువైతే అతకదు, ఎక్కువైతే ఇనుము మాడిపోతుంది. మంట రంగు, ఇనుము ఉపరితలం తడిసినట్టు మెరవడం, దెబ్బ వేసినప్పుడు వచ్చే చప్పుడు, ఇవే ఆనవాళ్లు. కడ్డీ లోపల ఇరుక్కోకుండా సమయానికి లాగెయ్యాలి, అందుకే పక్కన ఇంకో మనిషి ఉండాలి. తర్వాత లోపల తొలిచి, గాళ్లు తీస్తారు. గాళ్లు తీసే పరికరం చాలావరకు చెక్కే. మెలికలు తిరిగిన ఒక దుంగ, దాన్ని తిప్పుతూ నడిపే పలక, కొసన చిన్న రంపపు పళ్లు. పళ్ల కింద కాగితం ముక్క ఒక్కొక్కటి పెడుతూ లోతు పెంచుతారు. గుండు తిరుగుతూ వెళ్లేలా చేసే గాళ్లను ఇంత సాదా పరికరంతో సరిగ్గా తీశారంటే, ఒక డై మేకర్‌గా నాకు ఇప్పటికీ గౌరవం పెరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. ఆ పనికి కావలసిన పాతకాలపు పీచు ఇనుమును ఇప్పుడు వ్యాపారానికి ఎవరూ తయారుచెయ్యడం లేదు. పాత వంతెనల కడ్డీలు, బండి చక్రాల పట్టాలు, లంగరు గొలుసులు వెతుక్కోవాలి. ఇప్పటి మైల్డ్ స్టీల్ కొలిమిలో దానిలా అతుక్కోదు.

విలియమ్స్‌బర్గ్ ఒక దారి అయితే, కెంటకీలోని వుడ్‌బరీలో హర్షెల్ హౌస్, ఆయన సోదరులు ఇంకో దారి. మ్యూజియం నేపథ్యం లేదు, జీతం లేదు. పల్లెలో కొలిమి పెట్టుకుని ఇనుప సామాను ఉన్న సాదా రైఫిళ్లు చేశారు, అడిగినవాళ్లందరికీ నేర్పారు. జార్జియాలోని రేబన్ కౌంటీలో హైస్కూల్ పిల్లలు కొండప్రాంతపు పెద్దలను కలిసి రాసుకున్న విషయాలతో వచ్చిన ఫాక్స్‌ఫైర్ పుస్తకాల్లో 5వ సంపుటం ఫ్లింట్‌లాక్ రైఫిళ్ల మీద కూడా ఉంది. 1979లో వచ్చింది. స్కూలు పిల్లలు వెళ్లి అడగడం వల్ల ఒక పనివాడి మాటలు అచ్చులోకి వచ్చాయంటే నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. మన ఊళ్లలో కంసాలి, కమ్మరి, వడ్రంగి పెద్దల దగ్గరికి ఇలా ఎంతమంది పిల్లలు వెళ్లారు?

1976లో అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్లు నిండిన సందర్భంగా జనంలో ఆసక్తి బాగా పెరిగింది. కానీ సంబరాల ఆసక్తి ఎన్నాళ్లో ఉండదు. దానికన్నా పెద్ద మేలు చేసింది పెన్సిల్వేనియా వేట నిబంధన అని నా నమ్మకం. 1974లో ఆ రాష్ట్రం ఫ్లింట్‌లాక్ తుపాకులకు మాత్రమే ప్రత్యేకంగా జింకల వేట సీజన్ పెట్టింది. క్రిస్మస్ తర్వాత వచ్చే ఆ సీజన్‌లో ఇప్పటికీ చెకుముకి రాయి తుపాకే ఉండాలి. మంచులో, తడిలో, చేతులు కొంకర్లు పోతున్నప్పుడు లాక్ పనిచెయ్యాలి. గోడకు తగిలించే తుపాకికి అందం చాలు, ఈ వేటకు వెళ్లే తుపాకికి నిజమైన లాక్ కావాలి. ఆ గిరాకీ వల్ల పనివాళ్లకు ప్రతి ఏడాదీ పరీక్ష వస్తుంది, వాడినవాళ్లు వచ్చి ఎక్కడ ఇబ్బంది పడ్డారో చెబుతారు.

ఇప్పుడు మీ సీఎన్‌సీ మాట. నిజం చెప్పాలంటే మీరు చూసిన రైఫిల్‌లో బ్యారెల్ దాదాపు ఖాయంగా ఇప్పటి ఉక్కుతో మెషిన్ మీద చేసిందే. లాక్ భాగాలు కూడా మైనపు నమూనాల నుంచి పోసిన పోతలు అయి ఉండొచ్చు. బడ్ సైలర్ పేరుతో వచ్చిన లాక్ కిట్లు ఎందరికో మొదటి మెట్టు అయ్యాయి. దీన్ని మోసం అనేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. 18వ శతాబ్దంలో కూడా చాలామంది పనివాళ్లు బ్యారెల్ ఒకచోట, ఇంగ్లండ్ నుంచో జర్మనీ నుంచో వచ్చిన లాక్ ఇంకోచోట కొనుక్కుని, కర్ర పని, ఇత్తడి పని, కూర్పు తాము చేసేవాళ్లు. అన్నీ ఒక్కడే చేసే దుకాణాలు అప్పుడూ తక్కువే. విడిభాగాలు దొరక్కపోతే ఈ రోజు ఇంతమంది పనివాళ్లు ఉండేవాళ్లు కారు.

అయితే చేతి విలువ ఎక్కడుంది? ముఖ్యంగా కర్రలో. బ్యారెల్ ఎనిమిది పలకలది, మొదట్లో లావు, మధ్యలో సన్నం, మూతి దగ్గర మళ్లీ కాస్త లావు. దాన్ని వెంట్రుక సందు లేకుండా కర్రలో దించాలి. దీపపు మసి ఇనుముకు పూసి కర్రలో ఆనించి తీస్తే, తగిలిన చోట నల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చంత మేరే ఉలితో గీరాలి. మళ్లీ మసి, మళ్లీ ఉలి. చారల మేపుల్‌లో పీచు అలలుగా తిరుగుతుంది, ప్రతి అంగుళానికీ దిశ మారుతుంది. ఒకే పదునుతో ఒకే వైపు తోస్తే ముక్క పెరికేస్తుంది. మెషిన్ ఈ గుంట తవ్వగలదు, అందులో అనుమానం లేదు, తవ్వుతోంది కూడా. కానీ ఈ దుంగలో చారలు మణికట్టు దగ్గర (మడమ సన్నబడే చోట) ఎలా వస్తున్నాయి, పగిలే పీచు ఎటు పరిగెడుతోంది, కొనేవాడి చెయ్యి ఎంత పొడుగు, అతని మెడ ఎంత, ఇవన్నీ చూసి గీత ఎక్కడ గియ్యాలో తేల్చేది మనిషే. ప్యాచ్ బాక్స్ వెనక చెక్కే లత పాత రైఫిల్ కాపీ అయితే అది చచ్చుగా కనిపిస్తుంది. ఆ ప్రాంతపు తీరు అర్థమైనవాడు తనకు తానుగా గీస్తే అందులో ప్రాణం ఉంటుంది. ఈ తేడా మీకు మొదట్లో కనపడదు, ఓ యాభై రైఫిళ్లు పక్కపక్కన చూస్తే కనపడుతుంది.

అందుకే 1996లో మొదలైన కాంటెంపరరీ లాంగ్‌రైఫిల్ అసోసియేషన్ పనిని నేను చాలా గౌరవిస్తాను. లాంగ్‌రైఫిల్ అంటే ఈ పొడుగు బ్యారెల్ రైఫిలే. ఈనాటి పనివాళ్ల పనిని ఈనాటి పనిగానే చూపించాలన్నది వాళ్ల పట్టు. పాతగా కనిపించేలా రంగు, అరుగుదల పెట్టడం తప్పు కాదు. దాన్ని 1780 నాటిదని అమ్మడం దొంగతనం. బ్యారెల్ మీద సొంత పేరు కొట్టుకోని రైఫిల్‌ను నేను కొనను, ఎవరినీ కొనమనను.

మన వైపు దీనికి నిజంగా దగ్గరైనది కోనసముద్రం. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊళ్లో మూసల్లో తయారైన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కెళ్లేవాళ్లు. అలల గీతలు తేలే కత్తులు అలాంటి ఉక్కుతోనే చేసేవాళ్లు. 19వ శతాబ్దంలో గిరాకీ పడిపోయింది, చేసే కుటుంబాలు వేరే పనుల్లోకి వెళ్లిపోయాయి, నేర్పించే గొలుసు తెగింది. ఆ గీతలు ఎలా వస్తాయో మళ్లీ తెలుసుకోవడానికి 20వ శతాబ్దం చివర్లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ పెండ్రే అనే కత్తుల పనివాడూ, జాన్ వర్‌హోవెన్ అనే లోహశాస్త్ర ప్రొఫెసరూ కలిసి ఏళ్ల తరబడి పనిచెయ్యాల్సి వచ్చింది. ముడి ఇనుములో అతి తక్కువ మోతాదులో ఉన్న వెనేడియం లాంటి మూలకాలు కారణమని వాళ్లు తేల్చారు. ఫ్లింట్‌లాక్ రైఫిల్‌కు ల్యాబ్ అవసరం రాలేదు, ఎందుకంటే కొండల్లో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు, పోటీల్లో కొన్ని వందలమంది వాడేవాళ్లు మిగిలారు. మన దగ్గర వాడేవాళ్లు మిగిలిన చేతివిద్యలు ఇంకా ఉన్నాయి. తెగకముందే అక్కడికి వెళ్లి నేర్చుకోవడం తెగాక వెతకడం కన్నా వెయ్యి రెట్లు తేలిక. కోనసముద్రం గుర్తొచ్చినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

నేర్చుకోవడం గురించి. ముందు చట్టం చూసుకోండి. ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లకు: 1959 ఆయుధాల చట్టం కింద మజిల్ లోడర్ కూడా తుపాకే, లైసెన్స్ లేకుండా చెయ్యడం, దగ్గర ఉంచుకోవడం నేరం. దయచేసి ప్రయత్నించవద్దు. అమెరికాలో ఫెడరల్ చట్టం తూటా వాడని ఇలాంటి పాత పద్ధతి తుపాకులను మామూలు తుపాకుల నుంచి వేరుగా చూస్తుంది కానీ రాష్ట్రాల నిబంధనలు వేరు వేరు. వీసా మీద ఉన్నవాళ్లు స్నేహితుల మాట మీద పోకుండా లాయర్‌ను అడిగి తెలుసుకోవాలి. తుపాకి మందు నిల్వ గురించి కూడా ఊరికో నిబంధన ఉంటుంది.

ఆ తర్వాత, కొనడానికి ముందు చూడండి. మీరు పెన్సిల్వేనియాలోనే ఉన్నారు కాబట్టి నాజరెత్ దగ్గర బోల్టన్‌లో పెన్సిల్వేనియా లాంగ్‌రైఫిల్ మ్యూజియం ఉంది. తరతరాలుగా తుపాకులు చేసిన హెన్రీ కుటుంబం ఊరు అది. వెళ్లి రైఫిళ్లు పెట్టిన అద్దాల పెట్టెల ముందు కూర్చుని మడమ గీతలు పెన్సిల్‌తో గీసుకోండి. ఫొటో తీస్తే కన్ను నేర్చుకోదు, గీస్తే నేర్చుకుంటుంది. కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌లో వెస్టర్న్ కెంటకీ యూనివర్సిటీ ఆవరణలో మజిల్ లోడింగ్ అసోసియేషన్ వాళ్లు తుపాకి పని తరగతులు పెట్టారు. ఇప్పుడు ఎప్పుడు ఎక్కడ జరుగుతున్నాయో వాళ్లనే అడగండి. కాంటెంపరరీ లాంగ్‌రైఫిల్ వాళ్ల వార్షిక ప్రదర్శన లెక్సింగ్టన్‌లో జరుగుతుంది. అక్కడ పనివాళ్లు తమ రైఫిల్ మీ చేతికిచ్చి అడిగినవన్నీ చెబుతారు. ఇంత ఓపికగా రహస్యాలు విప్పి చెప్పే వృత్తిని నేను ఇంకోటి చూడలేదు.

చేతిపని మొదలుపెట్టాలంటే రైఫిల్‌తో కాకుండా మందు కొమ్ముతో, అంటే తుపాకి మందు పోసి పెట్టుకునే కొమ్ముతో, మొదలుపెట్టండి. ఆవు కొమ్ము ఒకటి, కర్ర బిరడా, గీరే కత్తి, ఆకురాయి చాలు. కొమ్ము పలచగా గీరడంలో చెయ్యి బరువు ఎంత వెయ్యాలో తెలుస్తుంది, బిరడా సరిపెట్టడంలో మసి పూసి చూడటం అలవాటవుతుంది. ఉలి నూరడం నేర్చుకోండి. ఉలి మొండిదైతే మేపుల్‌లో ఏ పనీ కాదు. ఆ తర్వాత మంచి లాక్, మంచి బ్యారెల్ కొనుక్కుని, నగిషీ ఏమీ లేని సాదా రైఫిల్ ఒకటి ఒక పనివాడి దగ్గర కూర్చుని చెయ్యండి. మొదటిదానికే బ్యారెల్ అతకాలని, ప్యాచ్ బాక్స్ చెక్కాలని పట్టుపట్టకండి. మీరు ఉండే కౌంటీ పేరు రాస్తే దగ్గర్లో నేర్పేవాళ్లు ఎవరున్నారో కనుక్కుని చెబుతాను.